అద్దాల పెట్టెలో అర్జీ

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఇంటికి కాపలా నేనే. బాన్సువాడలో ఎవరినడిగినా ‘సారు ఇల్లు’ చూపిస్తారు. మంత్రిగా ఉన్నప్పుడు సారు సోమవారం సోమవారం వరండాలో కూర్చొని అర్జీలు తీసుకునేవారు. ముందు చాయ్, తర్వాతే మాట. చాయ్ పెట్టేది నేను. “ఏసయ్యా, కాయితం పట్టుకొచ్చినోళ్లను వాకిట్లకెళ్లి మలిపి పంపకు” అని నాతో అనేవారు.

సారు పోయి ఆరేళ్లయింది. జనం రావడం మానలేదు. సారు లేకపోతేనేం, ఇల్లుందిగా, లోపల ఎవరో ఒకరు చూస్తారని వాళ్ల ధీమా. ఎవరూ లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చాయ్ పోసి, కాయితం తీసుకొని “చూస్తరు” అనేవాణ్ణి. అన్నీ ట్రంకుపెట్టెలో పడేసేవాణ్ణి. నా తెలివి అట్లా తెల్లారింది.

పోయిన నెల ఇంటిని స్మారకం చేస్తామని పట్నం నుంచి సర్కారువాళ్లు దిగారు. గోడలకు సున్నం, సారు కుర్చీ చుట్టూ తాడు. వాళ్ల మేడం సౌజన్య ట్రంకు తెరిచి మురిసిపోయింది. “ప్రజల ప్రేమ, తాతా! అద్దాల పెట్టెలో పెడదాం” అంది. అర్జీల మీది తేదీలు సారు పోయిన తర్వాతివని ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు. ఈ వయసులో మాట పడే ఓపిక లేదనుకున్నాను. నిజానికి భయం.

నిన్న సోమవారం రూప్లి వచ్చింది. దగ్గరి తండా మనిషి. ఎకరన్నర చేను వేరేవాళ్ల పేరున ఎక్కిందని మూడేళ్ల కింద అర్జీ ఇచ్చింది. అప్పటినుంచి నడిచొచ్చి అడిగిపోతూనే ఉంది. ఈ ఇంటి మీది నమ్మకంతో ఇదే ఊళ్లోని తహసీల్ ఆఫీసు మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు.

అర్జీలు పెట్టిన అద్దాల పెట్టె ముందు ఆగిపోయింది. చదువు రాదు. కాని ఒక కాయితం మీది నీలం వేలిముద్ర, పక్కన పసుపు మరక గుర్తుపట్టింది.

“గిది నాదే గద తమ్మీ? ఇంక గీడనే ఉన్నదా?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. “ఎవ్వలకియ్యలేదక్కా. ఇయ్యనీకి ఎవ్వలు లేరు. గా ముచ్చట నీకు చెప్పలేకపోయిన.”

తాళంచెవి నా దగ్గరే ఉంది. పెట్టె తెరిచి కాయితం ఆమె చేతిలో పెట్టాను. నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆమె గేటు వైపు నడుస్తుంటే, నోటి అలవాటు పోక, “చాయ్ తాగి పో అక్కా” అన్నాను.

“మూడేండ్ల సంది చాయే తాగిన తమ్మీ” అంది వెనక్కి తిరగకుండా. “గా తాసీల్ ఆఫీసు ఏడున్నదో చూపియ్యి, చాలు.”

ఇంటికి తాళం వేసి చెప్పులు తొడుక్కున్నాను.