ఉప్పలమ్మ పెట్టిన పథ్యం

మునగాలలో ఆ వాడకట్టున ఎవరు ప్రసవించినా పథ్యం సంగతి ఉప్పలమ్మనే అడగాలి. ఐదుగురిని కన్నది, ఐదు కాన్పులూ వెల్లుల్లి కారం, వేడన్నంతోనే దాటింది. నలభై ఏళ్లకే నోట్లో పన్ను లేదేమని అడిగారా, జవాబు నాలుక మీదే ఉండేది.

"పాలు తాగే పిల్లలు గుంజుకుంటరు. ఆడదాని రాత గంతే!"

కోడలు దీవెనది కోదాడ. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. కొడుకు జయరాజుది మిర్యాలగూడ రైసుమిల్లులో పని, వారానికోసారి వస్తాడు. ఇక ఇంట్లో ఉప్పలమ్మ మాటే మాట. పెరుగు, ఆకుకూర, జామకాయ గడప దాటి రాలేదు. అంగన్‌వాడీ టీచరు త్రివేణి బాలింతకని ఇచ్చే గుడ్లు దాచి, వచ్చిన రోజు కొడుక్కి; పాలు చాయ్‌లోకి.

"కుట్లు చీము పడతయ్ బిడ్డా, నీ మంచికే చెప్తున్న" అనేది. పిసినారితనం కాదు పాపం, నిజంగానే భయం. ఆమె చెల్లెలు ఆపరేషన్ కుట్లు చీము పట్టే చచ్చిపోయింది. ఆ వాసన ఉప్పలమ్మ ఈనాటికీ మరువలేదు.

మూడో నెలలో దీవెనకు చిగుళ్ల నుంచి రక్తం కారసాగింది. తర్వాత దవడ పన్ను సలుపు.

"అత్తయ్యా, కారం తగిలితే ప్రాణం పోతోంది. ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టండి."

"పిల్లకు జలుబు చేస్తది. జర ఓర్సుకో."

లవంగం నూరి పెట్టింది. దవాఖానకు పోదామంటే, గోళీలు మింగితే పాలు ఖరాబైతయ్ అన్నది. దవడ ఉబ్బిందని తెలిసి త్రివేణి పరుగెత్తుకొచ్చింది.

"నేనిచ్చిన గుడ్లు ఎవరు తింటున్నరు ఉప్పలమ్మా? ఇయ్యాల్నే పన్ను సూపియ్యి."

"ఐదుగురిని కన్నదాన్ని, నాకు చెప్పొస్తివా!" అని కసిరి పంపింది.

రెండు రోజులకు వాపు మెడకు దిగింది. దీవెన ఉమ్మి కూడా మింగలేకపోయింది. అప్పుడు, అప్పుడెక్కించింది సూర్యాపేట ఆటో.

పరీక్ష చేసి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"పుచ్చిన పన్నమ్మా. సరైన తిండి లేక చిగుళ్లు, ఒళ్లు రెండూ చెడ్డయ్. వారం ముందు తెస్తే గోళీలతో తగ్గేది. పాలిచ్చే తల్లులు వేసుకునేవీ ఉంటయ్. ఇప్పుడు చీము గొంతులోకి దిగింది."

"చీమా?" అన్నది ఉప్పలమ్మ. "పిల్ల గుంజుకున్నది కాదా?"

"పిల్లేం చేసిందమ్మా!"

మర్నాడు పొద్దున్నే పెరుగన్నం మెత్తగా పిసికి, గుడ్డు ఉడకబెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. గొంతుకు గొట్టం వేశారు, నోటితో ఏమీ పెట్టొద్దంది నర్సు. డబ్బా ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. మూడో రోజు దీవెన పోయింది. అయ్యో, ఇరవై రెండేళ్లు నిండలేదు!

నెల తిరక్కముందే పక్కింటి ఆండాళు వచ్చింది. కూతురికి ఆపరేషన్ అయిందట. ఉప్పలమ్మ మనవరాలికి సీసాతో పాలు పడుతోంది.

"అక్కా, కుట్లు మానేదాక ఏం పెట్టమంటవ్?"

"నన్నడుగుతున్నవా? కోడల్ని సంపుకున్నదాన్ని."

ఉప్పలమ్మ పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గుడ్డు పెట్టు. పెరుగు పెట్టు. పన్ను నొస్తుందంటే ఆ పూటే తీస్కపో. నా కోడలు ఒక్క ముద్ద అడిగింది ఆండాళూ, ఒక్క ముద్ద."