ఆరబెట్టి పరీక్షించవలెను

గని భద్రతా పరిశోధన సంస్థలో ఆమెను అందరూ దుమ్మక్క అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుపడితే మేడమ్. ఆ సంగతి తెలిసినా ఆమె నొచ్చుకోలేదు. చదివింది దుమ్ము గురించి, జీతం తీసుకునేది దుమ్ము పేరు చెప్పి, సాయంత్రం జుట్టులో ఇంటికి మోసుకెళ్ళేదీ దుమ్మే. ఇంకా నొచ్చుకోవడానికి ఏముంది.

ఆ సంస్థలో దుమ్ము రెండు రకాలు. నల్లది బొగ్గు దుమ్ము. గనిలో ఏ మూలో నిప్పు రాజుకుని చిన్న పేలుడు వచ్చిందంటే, ఆ గాలికి నేల మీది బొగ్గు దుమ్ము లేచి తానూ అంటుకుని, సొరంగం పొడుగునా మంటై పరుగెడుతుంది. దారిలో మనిషి ఉన్నాడా లేడా అని చూడదు. దానికి విరుగుడు తెల్లది, రాతిపొడి. నల్లదాని మీద తెల్లది చల్లి ఉంచితే పేలుడు గాలికి రెండూ కలిసి లేస్తాయి, తెల్లది మంటను ఆర్పేస్తుంది. ఆర్పాలంటే మాత్రం అది ముందు లేవాలి. అది లేస్తుందని ధ్రువీకరించడానికే ప్రభుత్వం అంత పెద్ద భవనం కట్టి, అందులో అంతమందిని కూర్చోబెట్టింది.

గనుల నుంచి రాతిపొడి నమూనాలు బస్తాల్లో వచ్చేవి. ఊదే యంత్రంలో పెట్టి ఎంత పొడి లేస్తుందో కొలవాలి. అంతకుముందు, నిబంధన ప్రకారం, ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాలి. ఎందుకు ఆరబెట్టాలో ఎవరికీ తెలియదు. నిబంధన రాసిన మహానుభావుడు ఎప్పుడో రిటైరయ్యాడు. పొడిపొడిగా ఆరిన పొడి లేవక ఏం చేస్తుంది? ప్రతి నమూనా పాసయ్యేది. ఏ గని నుంచి వచ్చినా, ఏ కాలంలో వచ్చినా పాసే. అలాంటి ఫలితాలు ఏ బడిలో వచ్చినా ఊరంతా ఊరేగించేవాళ్ళు. ఇక్కడ మాత్రం రంగురంగుల పటాలు చేసి వరండాలో తగిలించారు.

వేసవిలో ఒకరోజు ఓవెన్ చెడిపోయింది. బాగుచేసేవాడు రావాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి. వాళ్ళలో ఒకాయన సెలవులో, ఇంకొకాయన సమావేశంలో, మూడో ఆయన మొదటి ఇద్దరూ పెట్టాకే పెడతానన్న పట్టుదలలో ఉన్నారు. తోచక దుమ్మక్క బస్తా విప్పి చెయ్యి పెట్టింది. పొడి తగల్లేదు. గనిలోని చెమ్మ పీల్చుకుని, ఎండిన అట్టలా గడ్డకట్టిన తెల్ల ముద్ద తగిలింది. దాన్ని ఉన్నదున్నట్టు యంత్రంలో పెట్టి ఊదించింది. యంత్రం గోలగోలగా అరిచింది. ముద్ద మీద నుంచి ఒక్క రేణువు లేస్తే ఒట్టు.

బస్తా మీది చీటీ తిప్పి చూసింది. తమ్ముడు పనిచేసే గని.

అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆమే. చదువబ్బలేదు, గనిలో చేరాడు. అక్క గని భద్రతలో పెద్ద ఉద్యోగం చేస్తోందని జట్టులో అందరికీ చెప్పుకుని మురిసిపోతాడు. మొన్నామధ్య భోజనం చేస్తూ, "మీ తెల్లదుమ్ము మీద కాలు జారి చస్తున్నాం అక్కా, నేలకి గచ్చు చేసినట్టుంది" అని నవ్వాడు. తనూ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండింది.

డైరెక్టరుగారు ఓపిగ్గా విన్నారు. వినడంలో ఆయనకు మంచి పేరుంది.

"ఆరబెట్టకుండా ఎందుకు చూశారమ్మా?" అన్నారు.

"గనిలో ఎవరూ ఆరబెట్టరు కదా సార్. మంట వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"అది గనివాళ్ళ అలవాటు. మన పద్ధతి మనది. అయినా ఇది తడి వ్యవహారం. మీది దుమ్ము విభాగం. నీళ్ళ విభాగానికి చెప్పండి."

నీళ్ళ విభాగంవాళ్ళు ఊటలు, వరదలు అయితేనే తమవన్నారు. చెమ్మ గాలిలోంచి వస్తుంది గనక గాలి విభాగానికి పొమ్మన్నారు. గాలి విభాగాధిపతి టీ ఇప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, గడ్డకట్టినా దుమ్ము దుమ్మేనని, దానికి దుమ్ము విభాగం ఉండనే ఉందని తేల్చారు. అక్కడ ఒక సమర్థురాలు ఉందని విన్నామని కూడా అన్నారు. ఆమె టీ తాగి వచ్చేసింది.

నివేదిక రాసింది. 'పొడి లేవడం లేదు' అని రాస్తే, పైనుంచి 'లేచే విషయంలో కొంత మెరుగుదలకు అవకాశం కలదు' అని తిరిగొచ్చింది. మళ్ళీ రాసింది. ఈసారి అవకాశం కూడా ఎగిరిపోయి మెరుగుదల మాత్రం మిగిలింది. చదివితే పొడి రోజురోజుకూ మెరుగవుతోందేమో అనిపించేట్టుంది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. పరిశోధనలో ఉన్న విషయం బయటికి చెప్పకూడదని ఉద్యోగ నియమం. నేడో రేపో పైవాళ్ళే సరిదిద్దుతారు, అనవసరంగా వాణ్ణి బెదరగొట్టడం ఎందుకని తనకు తానే సర్దిచెప్పుకుంది. రోజూ పొద్దున వాడు బూట్లు వేసుకుంటుంటే మాత్రం అటు చూసేది కాదు.

భద్రతా వారోత్సవం వచ్చింది. ఏటా ఆ వారంలో మంత్రిగారు వస్తారు. సంస్థ వెనక ఉన్న ఉక్కు సొరంగంలో ఒక చివర బొగ్గు దుమ్ము పేలుస్తారు. మంట పరుగెత్తుకొచ్చి, సగం దారిలో పరిచిన రాతిపొడి దగ్గర ఆరిపోతుంది. ఇటు చివర నుంచి కాస్త పొగ వస్తుంది. చప్పట్లు, ఫొటోలు, టీ.

రాతిపొడి పరిచే బాధ్యత దుమ్మక్కది. ఈసారి ఆమె దాన్ని ఆరబెట్టలేదు. తమ్ముడి గని నుంచి వచ్చిన బస్తాలు విప్పి, గనిలో ఉన్నట్టే ముద్దలు ముద్దలుగా పరిచింది. కళ్ళతో చూస్తేనన్నా తెలుస్తుందని ఆశ. ఎండ పడుతుందని వంక పెట్టి, అందరి కుర్చీలూ ఎక్కడో దూరంగా గోడ నీడకు జరిపించింది.

మంత్రిగారు మీట నొక్కారు. సొరంగం ఉరిమింది. మంట సగం దారిలో ఆగలేదు, రాతిపొడి వైపు కన్నెత్తి అయినా చూడలేదు. ఇటు చివర నుంచి ఎర్రగా బయటికి ఎగదన్ని, స్వాగత తోరణాన్ని అంటించి, ఆకాశంలోకి లేచి ఆరిపోయింది. తోరణం మీద 'భద్రతే మా ఊపిరి' అన్న అక్షరాలు ఒక్కొక్కటే కాలి రాలాయి.

డైరెక్టరుగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. అప్పుడు మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చూసి అందరూ కొట్టారు.

"పోయినేడు ఏదో పొగ చూపించి పంపేశారు. ఈసారి బాగా కష్టపడ్డారయ్యా" అన్నారు మంత్రిగారు.

దుమ్మక్క ముందుకు వెళ్ళింది. "సార్, ఆ మంట బయటికి రాకూడదు. గనిలో పరిచిన పొడి ఇదే. ఇది పనిచెయ్యదు."

మంత్రిగారు డైరెక్టరుగారి వైపు చూశారు. అప్పటికి ఆయన తేరుకున్నారు.

"మా మేడమ్‌కి వినయం ఎక్కువ సార్. ఇంకా బాగా చెయ్యాల్సింది అని బాధపడుతున్నారు."

"అలాగే ఉండాలి" అని మంత్రిగారు ఆమె భుజం తట్టి టీకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే సమీక్ష సమావేశం జరిగింది. వచ్చే ఏడు తోరణం ఇనుముతో చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు స్నానం చేసి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"మీ మంట భలే ఉందటగా. మా గనిదాకా చెప్పుకున్నారు" అన్నాడు.

ఆమె చెప్పులైనా విప్పకుండా పక్కన కూలబడి, ఓవెన్ దగ్గర మొదలుపెట్టి తోరణం దాకా మొత్తం చెప్పింది. అంతా విన్నాక వాడు అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వేసవి నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"పైవాళ్ళకి చెప్పానురా. రాసి ఇచ్చాను. మళ్ళీ మళ్ళీ ఇచ్చాను."

"కిందికి దిగేది నేను కదక్కా."

వాడు కోపంగా అని ఉంటే ఆమె తట్టుకునేది. మామూలుగా అన్నాడు. ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ నియమం పాటించాననుకుంది. పాటించింది నియమం కాదు, భయం.

"సరే, ఇంతకీ రేపు దిగనా, వద్దా?"

నోట్లో పాత మాటలన్నీ వరుసకట్టి నిలబడ్డాయి. పరిశీలనలో ఉంది, అవకాశం కలదు, మెరుగుదల. అన్నిటినీ మింగేసింది.

"వద్దు" అంది. "నువ్వే కాదు, మీ జట్టులో ఎవరూ దిగొద్దు. నేను చెప్పానని చెప్పు."

మర్నాడు షిఫ్టు దిగలేదు. జట్టంతా గని ముఖద్వారం దగ్గర నేల మీద కూర్చుంది. బొగ్గు ఆగింది. అన్నాళ్ళ నివేదికలకు కదలని సంస్థ, బొగ్గు ఆగిందనేసరికి గంటలో ఉలిక్కిపడి లేచింది. మూడు సంతకాలూ ఒకే కాగితం మీద పడ్డాయి. సెలవులో ఉన్నాయన కూడా వచ్చి పెట్టాడట. ఆ కాగితం ఓవెన్ గురించి కాదు, దుమ్మక్క గురించి. పరిశోధన ఫలితాలను 'ఈ విషయంతో సంబంధం లేని వ్యక్తులకు' వెల్లడించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

ఆమె వరండాలో నిలబడి తమ్ముడికి ఫోన్ చేసి, ఆ ముక్క చదివి వినిపించింది. వాడు దాన్ని గట్టిగా జట్టుకు వినిపించాడు. తర్వాత ఎవరో పెద్ద వయసాయన గొంతు, ఫోన్‌కు దూరంగా, నెమ్మదిగా వినిపించింది.

"మరి సంబంధం ఉన్నవాళ్ళు ఎవరో కాస్త అడిగి చెప్పమ్మా. వాళ్ళనే దిగమందాం."

దుమ్మక్క ఫోన్ పెట్టెయ్యలేదు. అలాగే పట్టుకుని నడిచి డైరెక్టరుగారి గది తలుపు తోసింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతూ కళ్ళెర్రజేసి చూశారు. ఆమె ఫోన్‌ను ఆయన ముందు బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కింది.

"మీరే చెప్పండి సార్" అంది. "జట్టంతా వింటోంది."