ఏనుగులకు హారతి

ఊటబాయిపల్లెలో అప్పటిదాకా ఎవరైనా ఏనుగును చూశారంటే, అది తిరుమలలో స్వామి ఊరేగింపు ముందు నడిచేదో, సర్కసు గుడారం బయట కట్టేసినదో అయ్యుండాలి. అందుకే ఎనభైల్లో ఒక వానాకాలం, తమిళనాడు వైపు నుంచి పలమనేరు అడవిలోకి ఏడు ఏనుగులు దిగాయని తెలిసినప్పుడు ఊరు భయపడలేదు. మురిసిపోయింది.

అందరికంటే ఎక్కువ మురిసిపోయినవాడు మునిరామయ్య. భజనగుడిలో హార్మోనియం ఆయనదే.

"వినాయకుడు మన పొలిమేర తొక్కినాడు మే. ఎన్ని తరాల పుణ్యమో ఇది," అన్నాడు భార్య మునెమ్మతో.

మునెమ్మకూ అలాగే అనిపించింది. అడవి అంచున వంక పక్కనే వాళ్ల చెరకు తోట. దాంట్లో నాలుగు సాళ్లు ఏనుగులు నమిలి పోయినా, "తిననీలే, స్వామి కదా" అనుకుందే తప్ప నోరు చేసుకోలేదు.

అడవిశాఖ వాళ్లు ఏకాంబరం అనే వాచరును పంపించారు. కుప్పం అవతల, సరిహద్దు అడవుల్లో చిన్ననాటి నుంచి ఏనుగుల మధ్య తిరిగినవాడు. సైకిలు మీద ఊరూరూ తిరిగి ఒకటే మాట చెప్పేవాడు: "ఇది గుడి ఏనుగు కాదప్పా, అడవి ఏనుగు. దీనికి మావటీ లేడు, మంత్రమూ తెలీదు. దూరంగా ఉండండి." అరుగుల మీది మగవాళ్లు బీడీ ఆర్పకుండానే విని, సైకిలు మలుపు తిరగ్గానే నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు పొద్దున, ఎండ ఇంకా చురుక్కుమనకముందే, ఏనుగులు వంకలో నీళ్లు తాగుతున్నాయని కబురొచ్చింది. ఊరు ఊరంతా కదిలింది. మునెమ్మ తన చేత్తోనే పళ్లెం సర్దింది. పసుపు, కుంకుమ, బెల్లం అచ్చు, కొట్టిన టెంకాయ, కర్పూరం బిళ్లలు. మునిరామయ్య తలకు పోసుకుని, తడిపంచెతోనే ముందు నడిచాడు.

జనమంతా తోట గనిమ గట్టు మీద ఆగారు. మునిరామయ్య ఆగలేదు. కర్పూరం వెలిగించి, కుడిచేత పళ్లెం పట్టుకుని, ఎడమ చేత్తో గంట వాయిస్తూ వంకలోకి దిగాడు. గుంపులో ఒక గున్న ఏనుగు ఉంది. తల్లి కాళ్ల మధ్య దూరి ఆడుకుంటోంది. తల్లి ఏనుగు ఆయన్ను చూసి చెవులు రెండూ చాటల్లా విప్పింది. కదలకుండా నిలబడింది.

దీవిస్తోంది అనుకుంది మునెమ్మ. చేతులు జోడించింది.

అప్పుడే సైకిలు నేలకేసి కొట్టి ఏకాంబరం పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, నిలబడు! చెవులు ఇప్పింది! ముందుకు పోవద్దు, ఎనక్కి రా!"

మునిరామయ్యకు గంట చప్పుడులో వినపడలేదో, విననట్టే నడిచాడో. తల్లి ఏనుగు తొండం చుట్టుకుని ఒక్కసారిగా కదిలింది. అంత పెద్ద ఒళ్లు అంత తొందరగా వస్తుందని గనిమ మీద ఎవరికీ తెలియదు. ఏకాంబరం ఖాకీ చొక్కా విప్పి, కేకలు పెడుతూ దాన్ని పక్కకు విసిరాడు. ఏనుగు చొక్కా వైపు తిరిగిన ఆ రెప్పపాటులో మునిరామయ్యను నడుము పట్టి పక్కనున్న నీళ్లకాలవలోకి తోసేశాడు. తాను మాత్రం తప్పుకోలేకపోయాడు. తొండం కొస తగిలి, గనిమకు కొట్టుకుని పడ్డాడు.

ఏనుగు చొక్కాను తొక్కింది. పళ్లేన్ని తొక్కింది. ఆ తర్వాత ఎవరో పిలిచినట్టు గిరుక్కున తిరిగి గున్న దగ్గరికి వెళ్లిపోయింది.

మునిరామయ్యకు మోకాళ్లు చెక్కుకుపోయాయి, అంతే. ఏకాంబరానికి ఎడమ చెయ్యి విరిగింది. బస్సులో, విరిగిన ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఒంటి చేత్తో సైకిలు తొక్కలేడు, వండుకోలేడు గనుక మునెమ్మ పట్టుబట్టి తమ ఇంట్లోనే ఉంచుకుంది. ఆ నెలన్నరా వేడి వేడి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, కట్టుకు మంచిదని కోడిగుడ్డు. పెట్టిన ప్రతిసారీ ఆమెకు హారతి పళ్లెం గుర్తొచ్చేది. ఆ పళ్లెం సర్దింది తానే కదా.

"అన్నా, మేం నీకు ఏం ఇచ్చినా తీరదు. మా ఎనుముకు పుట్టిన పడ్డదూడ ఉండాది, తోలుకోని పో," అంది ఒకరోజు.

"దూడ నాకెందుకు చెల్లీ? ఇయ్యాలనుకుంటే ఒకటియ్యి. ఊళ్లో ఆడోళ్లను ఒక పదిమందిని ఈడ కూసోబెట్టు."

"ఆడోళ్లనా?"

"మొగోళ్లకు సెప్పి సెప్పి నా నోరు ఎండిపాయ. కట్టెలకూ గడ్డికీ అడవిలోకి పొయ్యేది మీరు. మీకు తెలిస్తే సాలు."

పదిమందిని పిలిస్తే ఇరవై ముగ్గురొచ్చారు. ఏకాంబరం గోడకు ఆనుకుని, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని చెప్పేవాడు. ఏనుగుకు చూపు తక్కువ, వాసన ఎక్కువ. అడవిలోకి పోయేముందు పిడికెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు పోతోందో చూసుకోవాలి. బెల్లం మూటలు అడవి వైపు గోడకు ఆనించి పెట్టకూడదు. తల్లికీ గున్నకూ మధ్య మనిషి పోకూడదు. రాళ్లు రువ్వితే మంద చెదిరి ఇంకో ఊరి మీద పడుతుంది, పాపం మనదే.

కొంచెం తేరుకున్నాక ఒక మధ్యాహ్నం వాళ్లను అడవి అంచుకు తీసుకుపోయాడు. ఎండిన ఏనుగు లద్దెను కట్టెతో విప్పి చూపించాడు. లోపల వెదురు పీచు, చింతగింజలు. ఒక గింజ పగిలి, తెల్లగా మొలకెత్తి ఉంది.

"సూడండమ్మా, మనం ఒక్క సెట్టు నాటేదానికి నీళ్లు మొయ్యాల, కంప కట్టాల. ఇది తింటా నడస్తానే అడవిని నాటుకోని పోతాది."

మునెమ్మ వంగి ఆ మొలకను వేలితో తాకింది. లద్దె అని అసహ్యం కలగలేదు. ఏనుగు నడిచే దారి ఎక్కడో ఏకాంబరం చేయి చాపి చూపించాడు. కొండ దిగి, వాళ్ల చెరకు తోట మధ్యగా వంకలోకి. తోట వేసింది వాళ్లే, దారికి అడ్డంగా.

ఆ రాత్రి తిండి దగ్గర ఆమె ఆ మాట చెబితే మునిరామయ్య చేతిలోని సంగటి ముద్ద కంచంలో పెట్టేశాడు. "వంకపక్క నాలుగు కుంటల నేలా బీడు పెడదాంలే. దేవుడికి దారి ఇడిసేది కూడా పూజే," అన్నాడు.

కట్టు విప్పాక ఏకాంబరాన్ని తిరిగి కుప్పం వైపుకు మార్చారు. అతను పోయాక మునెమ్మ ఊరుకోలేదు. పక్క ఊళ్లో వెంకటరమణ అనే రైతు ఏనుగులు రాకుండా తోట చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడని తెలిసి, భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది.

వెంకటరమణ నవ్వాడు. "నీ మొగుణ్ణి తొక్కబోయిన దాన్ని నువ్వే ఎనకేసుకొస్తావా మే?"

"దాని తప్పేముండాదప్పా? నా బిడ్డను సంకనేసుకోని నేను నీళ్లకు పోతా ఉంటే, ఎవుడో నిప్పు పట్టుకోని ఎదురొచ్చినాడనుకో. నేనూ కొడవలి ఎత్తనా?"

రెండు రోజుల తర్వాత ఆ దారిన పోయినవాళ్లు తీగ చుట్టి చింతకొమ్మకు తగిలించి ఉండటం చూశారు. అది మొదలు గడ్డికి పోయే ఆడవాళ్లు ఏ ఊరివాళ్లయినా, దారిలో మునెమ్మ ఇంటి ముందు ఆగి, నాలుగు మాటలు అడిగి వెళ్లేవాళ్లు.

రాగి కోతలయ్యాక, కొత్త రాగులు ఒక సంచి, బెల్లం, అనపకాయలు మూటగట్టుకుని మొగుడూ పెళ్లాం కుప్పం బస్సెక్కారు. ఏకాంబరం ఊరు కనుక్కుని ఇంటికి చేరేసరికి అతను అడవికి పోయి ఉన్నాడు. భార్య గురవమ్మ వాకిట్లో అనుములు ఎండబోస్తోంది.

"మేం ఊటబాయిపల్లె నుంచి వచ్చినామమ్మా. అన్న సెయ్యి ఎట్లుండాది?"

"బానే ఉండాది. ఆ సైకిలు పాతదైపాయ, కొత్తది కొనుక్కోమంటే ఇనడు. గుంతలో పడి ఇరగ్గొట్టుకున్యాడు."

మునెమ్మ, మునిరామయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సైకిలు మింద నుంచి పడినానని సెప్పినాడా?"

"ఆ. ఏం, కాదా?"

దాచాలని మునెమ్మకు అనిపించింది. కానీ మనసొప్పలేదు. మూట కింద పెట్టి, గురవమ్మ పక్కనే నేల మీద కూర్చుని, హారతి పళ్లెం సర్దిన దగ్గర నుంచి అంతా చెప్పింది. గురవమ్మ చేతిలోని చాట అలాగే ఆగిపోయింది. మునిరామయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"నీ పసుపు కుంకుమలు పణంగా పెట్టి నా పసుపు కుంకుమలు కాపాడినాడమ్మా. ఆయన నీకు ఆ మాటే సెప్పలేదంటే, నీకు దండం పెట్టేవాళ్లు కూడా లేకపాయిరి ఇన్నాళ్లూ," అని మునెమ్మ ఆమె కాళ్లు తాకబోయింది.

గురవమ్మ చటుక్కున ఆ చేతులు పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు, పెదవుల మీద కోపం. "రానీ, ఈ పొద్దు ఇంటికి రానీ ఆ మనిషిని!" అంది. ఆ మాట ముగియకముందే ఏడుపొచ్చింది. మునెమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ అలాగే కాసేపు, ఎండలో, అనుముల పక్కన.

తర్వాత గురవమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కుంకుమభరిణె తెచ్చి మునెమ్మ నొసట బొట్టు పెట్టింది. మునిరామయ్యను చూసి, "అన్నా, ఎండలో నిలబడుకోని ఉండావే, లోపలికి రా. ఆయనొచ్చేటప్పటికి సంగటి కెలుకుతా. అందరమూ కల్సి తిందాము," అంది.