ఏసుపాదం మాస్టారి ఆయ్

మా ఫెన్సింగ్ సంఘానికి నేను కార్యదర్శిని. పేరు మధుబాబు, ఉద్యోగం బడిలో. ఫెన్సింగ్ అంటే కొబ్బరితోటకు కంచె వేయడం అనుకుని నన్ను రేటు అడిగినవాళ్లున్నారు. కత్తులతో ఆడే ఆటండీ అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

సంఘంలో ఓటున్నవాళ్లు నలుగురు. అధ్యక్షులు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి మండపేటలో రైసుమిల్లు ఉంది. కత్తులు, మాస్కులు, పిల్లల బస్సు ఖర్చులు అన్నీ ఆయనవే కాబట్టి మాట కూడా ఆయనదే. ఆయన ఔనంటే అమ్మిరాజు గారు ఔనంటారు, దేవసహాయం గారు కాదంటారు. నాలుగో ఆయన ఏసుపాదం మాస్టారు, పిల్లలకు ఆట నేర్పిన మనిషి. నాకు ఓటు లేదు, రాయడమే నా పని.

ట్రయల్స్‌లో గెలిచిన పిల్లే రాష్ట్రం పోటీలకు వెళ్లాలి. మార్చాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి. అదీ మా నియమం. కిందటేడు మాస్టారి శిష్యురాలు క్రిస్టీనా గెలిచింది. రెండో స్థానం అధ్యక్షుల మేనకోడలిది. మేనకోడలినే పంపాలని తీర్మానం పెట్టారు. మూడో ఓటు కోసం అమలాపురంలో ఆసుపత్రి మంచం మీదున్న మాస్టారికి ఫోన్ చేసి తీర్మానం చదివాను. వాక్యానికొకసారి ఆయన "ఆయ్" అన్నారు. చివర కూడా "ఆయ్" అన్నారు. నేను "అంగీకరించారు" అని రాసేశాను.

ఆయ్ అంటే మా వైపు ఔనని అర్థం. చెప్పండి, వింటున్నాను అని కూడా అర్థం. ఈ సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఇంకొక్క మాట అడిగితే తేలిపోయేది. అడిగితే కాదంటారేమోనని అడగలేదు. సిగ్గులేని పని చేశాను. నాలుగోరోజున మాస్టారు పోయారు.

అప్పటినుంచి నేను ఏది పైకి చదివినా ఆయన వింటున్నారు. బళ్లో హాజరు పిలిచినా, చర్చిలో వాక్యం చదివినా, చివరికి కరెంటు బిల్లు చదివినా, పక్కనే మెల్లగా "ఆయ్". పట్టపగలే ఒళ్లు జలదరిస్తుంది. మా ఆవిడ వాణి పోరు పడలేక చెవులు చూపించుకున్నాను. భేషుగ్గా ఉన్నాయట.

నిన్న మళ్లీ మీటింగు. ఈసారీ గెలిచింది క్రిస్టీనాయే, తీర్మానం మాత్రం మళ్లీ మేనకోడలినే పంపాలని. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. మాస్కు చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"మాస్టారి పేరింకా రిజిస్టర్లో ఉంది కదండీ మధుబాబు గారూ," అన్నారు అధ్యక్షులు. "కిందటేడు ఆయన ఒప్పుకున్నదే. అదే ఓటు రాసెయ్యండి. ఏదీ, తీర్మానం చదవండి."

చదివాను. మొదటి వాక్యానికి "ఆయ్". రెండో దానికి "ఆయ్". ఎవరూ తలెత్తలేదు. ఏడాది కిందట అడగవలసిన మాట అప్పుడడిగాను.

"మాస్టారూ, వింటున్నారా, ఒప్పుకుంటున్నారా?"

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవరితోనండీ ఆ మాటలు?" అన్నారు అమ్మిరాజు గారు.

"ఆయన ఒప్పుకోలేదండీ," అన్నాను. "ఊరికే విన్నేరంతే. ఒప్పుకున్నట్టు నేనే రాసేనండీ."

అధ్యక్షులు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇకమీదట కత్తులు ఎవరిస్తారో తెలియదు. ఉన్నవి రెండే ఓట్లు, తీర్మానం పడిపోయింది. క్రిస్టీనా పేరు రాసి, సంతోషిస్తుందేమోనని ఆమె మొహం చూశాను.

"మాస్టారు కూడా నన్ను కాదన్నారనుకున్నానండీ," అంది క్రిస్టీనా. "ఆ కోపంతో భూస్థాపనకి కూడా రాలేదు. ఆఖరిసారి ఆయన మొహం చూడలేదు సార్."

నా గొంతులోంచి ఒక్కటే మాట వచ్చింది.

"ఆయ్."

క్రిస్టీనా చంకలోని మాస్కు తీసి నా బల్ల మీద పెట్టింది.

"విన్నారా సార్, ఒప్పుకున్నారా?"