ఒలిచిన పొర

ల్యాబులో పేగు పొర ఒలవాలంటే నా తర్వాతే ఎవరైనా. ఈ మాట పదిమంది ముందు మా ల్యాబు పెద్దాయనే అంటాడు. పేగు ముక్కను చల్లటి ఉప్పునీళ్లలో పరిచి, పైనున్న కండరం పొరను సన్న పట్టకారుతో లాగాలి. దాని కిందే నరాల వల ఉంటుంది. పేగు లోపలి గోడకు నీళ్లు వదలమనీ, ఆపమనీ చెప్పేది ఆ నరాలే. తలలోని మెదడు మాట కోసం అవి ఆగవు. కాస్త లోతుగా లాగితే ఆ వల కూడా ఊడి వచ్చేస్తుంది. అందుకే ఒలిచిన పొరను మైక్రోస్కోపు కింద చూసుకున్నాకే ముందుకు వెళ్లాలని మా దగ్గర నియమం.

మా అన్నయ్య పేగు అదుపు తప్పింది. నెలన్నరగా తాగింది తాగినట్టే బయటికి పోతోంది. ఎన్ని సెలైన్లు ఎక్కించినా మనిషి ఎండిపోతున్నాడు. నోరు మాత్రం ఎండలేదు.

"ఏమే, పేగుల మీద అంత చదివావు కదా, నా కుళాయి కట్టెయ్యడం చేతకాదా?" అన్నాడు.

"ముందు నీ నోరు కట్టెయ్యి," అన్నాను. వదిన నవ్వబోయి మొహం తిప్పుకుంది.

డాక్టరు దగ్గర ఆ నరాలను జోకొట్టే మందు ఒకటి ఉంది. కానీ అన్నయ్య గుండె అసలే బలహీనం.

"నరాల వల్లే నీళ్లు పోతున్నాయని తేలితేనే ఇస్తాను. లేకపోతే ఊరికే ప్రాణం మీదికి తెచ్చినట్టవుతుంది," అన్నాడు. పేగులోంచి చిన్న ముక్క తీసి మా ల్యాబుకే పంపాడు.

"సొంతవాళ్లది నువ్వు ముట్టుకోకమ్మా, నేను చేస్తాలే," అన్నాడు పెద్దాయన. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. పంతం పట్టి నేనే తీసుకున్నాను.

పొర ఒక్క లాగుడుకు వచ్చేసింది. ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. మైక్రోస్కోపులో చూడబోతే కళ్లలో నీళ్లు, అంతా మసక. నా చేతి మీద నాకున్న నమ్మకంతో, చూడకుండానే ముక్కను పరికరంలో బిగించాను. నరాలను మొద్దుబార్చే చుక్క వేశాను. తప్పు నరాలదే అయితే, ముక్క ఎంత నీరు వదులుతోందో చూపే తెర మీది గీత కిందికి దిగాలి. దిగలేదు. నరాలకు సంబంధం లేదని రాసి సంతకం పెట్టాను. మందు ఇవ్వలేదు. ఐదో రోజు పొద్దున అన్నయ్య పోయాడు.

రెండు వారాల తర్వాత ల్యాబుకు వెళ్లాను. ఒలిచిన పొరలను పారెయ్యకుండా సీసాలో దాచడం మా అలవాటు. అన్నయ్యది తీసి, రంగు వేసి చూశాను. నరాల వల మొత్తం, ఒక్క పోగు తెగకుండా, అందులోనే ఉంది. నేను చుక్క వేసిన ముక్కలో మొద్దుబారడానికి నరాలే లేవు. అంత శుభ్రంగా ఇంకెవరూ ఒలవలేరు. ఆ మందుతో బతికేవాడో లేదో నాకు తెలీదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

అటునుంచి అటే వదిన దగ్గరికి వెళ్లాను. అన్నయ్య చొక్కాలు మడతపెడుతోంది. నేను నోరు తెరిచేలోపే తనే అందుకుంది.

"నాకు ఒక్కటే ఊరట. ఆ పరీక్ష నీ చేతుల్లో జరిగింది. ఆ మందు ఇచ్చుంటే బతికేవారేమో అని ఒక్క రోజు కూడా అనుకోలేదు నేను. మీ అన్నయ్య కూడా అదే అన్నారు, నా చెల్లెలు చూసింది, ఇక వదిలెయ్ అని."

"చూడలేదు వదినా," అన్నాను.

మడత సగంలో ఆమె చేతులు ఆగిపోయాయి.