కనకాంబరం రంగు రుమాలు

బొంతకు ముక్కలిచ్చిన వాళ్లందరూ ఒక్క మాట మీద ఉండి ఉంటే సూర్యకళకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు. కూతురు అనూహ్యకు నెలలు నిండుతున్నాయి, పుట్టబోయే బిడ్డకు బొంత కుడదాం, ఇంటికొక ముక్క మీకు చేతనైన తీరులో కుట్టి ఇవ్వండి అని వీధంతా తిరిగి తనే చెప్పింది. చేతనైన తీరు అంటే ఎవరి తీరు వాళ్లదే కదా. ఎదురింటి మహాదేవి ఎర్రటి త్రికోణాలు కలిపి చుక్క కుట్టింది. శంకరమ్మ నీలం మీద పసుపు పువ్వు అతికించింది. లీయా టీచరు పిల్లల పాత గౌన్లు కత్తిరించి మెట్లు మెట్లుగా పేర్చింది. అన్నీ మంచం మీద పరిచి చూస్తే, అలిగిన వియ్యాలవారిలా ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ఉన్నాయి.

వాటిని కలపాల్సింది నడుమ వేసే పట్టీలూ, చుట్టూ వేసే అంచూను. ఆ రంగు కుదిరితే బొంత, కుదరకపోతే పాత బట్టల మూట. రంగు ఎంచే పనిని సూర్యకళ తనే నెత్తికెత్తుకుంది. భర్త ఉద్యోగం బదిలీ మీద సిద్దిపేట నుంచి బీదర్ వచ్చి మూడేళ్లయింది, ఈ వీధిలో తనకూ ఒక పేరు రావాలని ఆమెకు లోపల ఉంది. తప్పేం కాదు.

పక్కింటి సుందరాబాయి మాత్రం ముక్క ఇవ్వలేదు. కళ్లు ఆనడం లేదని, బదులుగా ఒక రుమాలు తెచ్చింది. ఆమె భర్త రాచయ్య గాంధీ గంజ్‌లో కందులు, శనగలు తూకం వేసేవాడు. నిరుడు పోయాడు. ఆయన తలకు చుట్టుకున్న రుమాలే అది. ఎండకూ ఉతుకుకూ రంగు దిగి, వాడిన కనకాంబరంలా అయింది. పట్టుకుంటే వెన్నంత మెత్తన. పొడుగు బట్ట గనుక అతుకు లేకుండా పట్టీలు వస్తాయని చెప్పి ఇచ్చి పోయింది.

ఆమె వెళ్లాక సూర్యకళ ఆ రుమాలును ముక్కల నడుమా చుట్టూ పరిచి చూసింది. ఎర్రచుక్క, పసుపు పువ్వు, గౌన్ల మెట్లు అన్నీ అలక మాని సర్దుకుని కూర్చున్నాయి. ఇంతకంటే మంచి రంగు దొరకదని అప్పుడే తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం భయమేసింది. పసిబిడ్డను పాత బట్టలోనే చుట్టాలి, నిజమే, సిద్దిపేట వైపూ అదే ఆచారం. కానీ పోయిన మనిషి తలగుడ్డా? సూర్యకళ తల్లి అయితే దాన్ని గడప దాటనిచ్చేది కాదు. ఆ సంగతి సుందరాబాయి ముఖాన చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రుమాలు మడిచి తీసుకెళ్లి, తక్కువైందని చెప్పి తిరిగి ఇచ్చేసింది. మహాదేవికీ శంకరమ్మకూ కూడా అదే చెప్పింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తొమ్మిది గజాల రుమాలు పసిపిల్ల బొంతకు తక్కువ కావడం ఎక్కడైనా ఉందా? సుందరాబాయి దాన్ని తీసుకుని లోపల పెట్టుకుంది.

ఇక అంగడి చుట్టూ తిరగడం మొదలైంది. తెల్లది మాసిపోతుంది. నల్లది పసిబిడ్డకు పనికిరాదు. చివరికి ముదురాకుపచ్చ కొత్త బట్ట తెచ్చి నడుమ పెడితే, ముక్కలన్నిటి చుట్టూ పోలీసులను నిలబెట్టినట్టుంది. అయినా మనసుకు సర్దిచెప్పుకుని, కుట్టే ముందు ఒకసారి తడిపింది. బకెట్టు నీళ్లన్నీ ఆకుపచ్చ. ఎన్ని నీళ్లు మార్చినా రంగు దిగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే అనూహ్య కోసం జొన్నరొట్టె, పుంటికూర పట్టుకుని సుందరాబాయి వచ్చింది. పాపం, అనూహ్యకు లోపలి కథ ఏమీ తెలియదు.

"ఇదంతా ఎందుకమ్మా? ఆ రుమాలేమాయె? నువ్వు పరిచిననాడు మంచం చుట్టూ తిరిగి ఇంకా కిందికి ఏలాడె గద" అంది తల్లితో.

సూర్యకళ చేతులు బకెట్టులోనే ఉండిపోయాయి. తల ఎత్తితే సుందరాబాయి ముఖం చూడాలి. ఎత్తలేదు. సుందరాబాయి గిన్నె పక్కన పెట్టి, వేడిగా ఉన్నప్పుడే తినమని అనూహ్యకు చెప్పి వెళ్లిపోయింది.

సూర్యకళ ఆ రొట్టె ముట్టలేదు. పండగ పూట తలకు చుట్టుకునే ముందు రాచయ్య వాకిట్లో ఒక కొస, సుందరాబాయి గేటు దగ్గర రెండో కొస పట్టుకుని రుమాలును పురి తిప్పడం తన కిటికీలోంచి ఎన్నిసార్లు చూసిందో. ఆ బట్ట పొడుగెంతో లోకంలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? పోయి పోయి, తక్కువైందని ఆమెకే చెప్పింది తను. క్షమించమని అడుగుదామని గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

మర్నాడు సుందరాబాయే వచ్చింది. చేతిలో అదే రుమాలు. దాని కొసకు ఎర్రచీర ముక్క ఒకటి జోడించి ఉంది. కళ్లానని మనిషి కుట్టు, వంకరటింకరగా పోయింది.

"తక్కువైందంటివి గద, జోడించిన. ఎవరన్న అడిగినా నీ మాట పొల్లుపోదు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రుమాలుకు భయమైతే ఇది ఒక్కటే వాడుకో చెల్లె. పుస్తె మెడల ఉన్ననాడు కట్టిన చీర. దీనికే దోషం లేదు."

సూర్యకళకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిట్టి ఉంటే బాగుండేది. తన భయాన్ని ఆమె కనిపెట్టడమే కాదు, తన ముత్తైదువనాటి చీరను చింపి ఆ భయానికి మందు కూడా తెచ్చింది.

"రుమాలు తక్కువ కాలె అక్కా" అంది, తల వంచుకునే.

"ఎరుకే."

సూర్యకళ లేచి రుమాలు ఒక కొస సుందరాబాయి చేతికిచ్చింది. చింపాలి, గట్టిగా పట్టుకోమంది. సుందరాబాయి అలవాటు కొద్దీ వెనక్కి నడుస్తూ వాకిలి దాటి, గేటు దాటి, వీధిలోకి పోయింది. వాడిన కనకాంబరం రంగు బట్ట ఇద్దరి నడుమ బారుగా సాగింది, అందరికీ కనబడేలా.

ఎదురింటి గడపలోంచి మహాదేవి, తక్కువైందన్నారు కదా అని అడిగింది. సుందరాబాయి ఆ జోడించిన ముక్కను చూపించబోయింది.

"తక్కువ కాలె మహాదేవమ్మా, నేనే అబద్ధమాడిన" అంది సూర్యకళ, వీధికంతటికీ వినబడేటట్టు.

ఆమె ఇంకా తల ఎత్తలేదు. రుమాలు అంచును పంటితో కొరికి, మొదటి పట్టీ చింపింది.