తీశానన్నది ఎవరు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనవరాలి పక్కన కూర్చుని, అదీ ఎడమ చేత్తో. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు ఎగిరిపోయినా మన్నించండి. మీరు గబగబా చదివేసే ఈ కాస్తా రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది.

ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపే షెడ్డు ఒకటుంది. లోపల ఎప్పుడూ ఆవిరే. నాలుగడుగుల అవతలి మనిషి కూడా పొగమంచులో నిలబడ్డట్టు కనిపిస్తాడు. అక్కడ ఒకే ఇంటివాళ్లు ముగ్గురు పనిచేసేవారు: వదిన, ఆమె మరిది, ఆ మరిది పెళ్లాం. వదినని షెడ్డులో వావీ వరసా చూడకుండా అందరూ వదిననే పిలిచేవారు. ఆమె కంటే పెద్దదైన కౌంటరు దొడ్డమ్మ కూడా అలాగే పిలిచేది.

ఇస్త్రీ మిషను పాతకాలపుది. కింద మంచమంత బల్ల, పైన అంతే మూత. తెరిచినప్పుడు ఆ మూత గోడలా నిలబడుతుంది. గోడకి అవతల వదిన తడి దుప్పటి పరిచి అరచేతులతో ముడతలు సాపు చేస్తుంది. ఇవతల మరిది పెడలు తొక్కుతాడు. తొక్కితే మూత పడుతుంది. సగంలో ఆగడం దానికి తెలియదు. పనిచేసే ఇద్దరూ ఒకరికొకరు కనపడరు కనక, ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. తొక్కబోయే ముందు మరిది "చెయ్యి?" అని అడగాలి. అవతల నుంచి "తీశా" అని వినపడితేనే తొక్కాలి. వినపడకపోతే పొద్దుగూకే దాకా అయినా నిలబడాల్సిందే.

వదిన ఉత్తినే "తీశా" అని ఊరుకునే రకం కాదు. "తీశా, నీ తొందర తగలెయ్య" అనేది. రోజంతా ఇదే పాట. వినేవాళ్లకి నవ్వొచ్చేది.

ఈ కట్టుబాటు పుట్టకముందు ఆ మిషను దగ్గర నిలబడింది దొడ్డమ్మే. ఆమె కుడిచేతి వేళ్లు ఆ మూత కిందే పోయాయి. యజమాని ఆమెను కౌంటరులో కూర్చోబెట్టి చీటీలు చింపే పని అప్పజెప్పాడు. కొత్తగా చేరినవాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ఆ చెయ్యి చూస్తే చాలు.

షెడ్డులోకి ఆటను తెచ్చింది తోడికోడలు. 'ఏడు గుహలు' అని కొత్తగా వచ్చిందట, లోకమంతా ఒకేసారి ఆడుతోందట. ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుతూనే ముగ్గురి ఫోన్లలోనూ దించింది.

ఆమెకి మొదటి చూపులోనే నచ్చేసింది. గాలికి గడ్డి ఊగుతోంది, నడిస్తే మట్టిలో అడుగులు పడుతున్నాయి, వానొస్తే ఆ అడుగుల్లో నీళ్లు నిలుస్తున్నాయి. ఇక్కడ ఇస్త్రీ చెయ్యాల్సింది ఒక్కటీ లేదు, ఈ జన్మకి నేను బయటికి రానంది. మరిదికి కత్తి నచ్చింది కానీ తన బొమ్మ నడక నచ్చలేదు. బురదలోంచి గేదె లేచినట్టుందన్నాడు. ఫోను పెనంలా కాలుతోందని సణిగాడు, అయినా కింద పెట్టలేదు. ఆటలో కోట గుమ్మం దగ్గర ఎక్కడెక్కడివాళ్లో గుంపుగా నిలబడి తలోమాటా అంటున్నారు. ఇంత అందమైన ఆట చూడలేదని ఒకడు, పాత ఆటల ముందు ఇదెంత అని ఇంకొకడు. మూడోవాడు మాత్రం, తను పడుకున్నప్పుడు తన నీడ చేసుకున్న స్నేహితులు ఇప్పుడు తనతో మాట్లాడటం లేదని, నీడతోనే మాట్లాడతామంటున్నారని రాశాడు. అందరూ నవ్వారు. అతను నవ్వినట్టు లేదు.

వదినని ఎలా ఉందని అడిగితే ఆమె ఫోను కాస్త దూరంగా జరిపింది.

"అందులో అందరూ నా కోసమే ఎదురు చూస్తున్నట్టున్నారే. మొహం తెలియని చోట అంత మర్యాద చేస్తే నాకు భయం."

"నీకు మర్యాద చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే" అన్నాడు మరిది.

నీడ అంటే ఏమిటో తోడికోడలు విడమరిచి చెప్పింది. మనం ఫోను పక్కన పెట్టినా లోపలి మన బొమ్మ ఆగదు. మన గొంతుతోనే మాట్లాడుతూ జట్టుతో తిరుగుతుంది. ఆడేటప్పుడు మనం అనే ప్రతి మాటా విని నేర్చుకుంటుంది. జట్టువాళ్లు పిలిస్తే మన బదులు పలుకుతుంది.

రెండో గుహలో ఒక బండరాయి ఉంది. ఒకరు దాన్ని మోకుతో పైకి లాగి పట్టుకోవాలి, ఇంకొకరు కింద చెయ్యి పెట్టి మణి తీయాలి. మోకు పట్టుకున్న మరిది నవ్వుతూ "చెయ్యి?" అన్నాడు. వదిన నోటికి అలవాటైన మాట కదా, ఆలోచించకుండానే "తీశా, నీ తొందర తగలెయ్య" అంది. ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి రాయి దించిన ప్రతిసారీ అదే మాట. పని మాటని ఆటలోకి తీసుకెళ్లడం తప్పని ఆ నవ్వులో ఎవరికీ తట్టలేదు. దొడ్డమ్మ ఒక్కతే విని, ఆ మాట ఒక చెయ్యి తిని పుట్టింది, దాన్ని ఆటలకి వాడకండర్రా అని గొణిగింది. ముసలామె చాదస్తం అనుకున్నారు.

కొన్నాళ్లకి తోడికోడలు నవ్వుతూ వచ్చింది. పొద్దున లేచి ఆట తెరిస్తే వదిన నీడ తనని తిట్టిందట: కూర మాడబెట్టి మళ్లీ ఇకిలిస్తావా అని.

"ఆ మాట నేనెప్పుడూ అనలేదే" అంది వదిన.

"అనేదానివే కదక్కా."

వదినకి ఆ పూట అన్నం సయించలేదు. తను అననిదీ, తను అనేదీ అయిన మాట తన గొంతుతో ఎక్కడో తిరుగుతోంది. ఆ ఊహ మెడ వెనక తడిగుడ్డలా అంటుకుంది.

మరిది పని వేళల్లో కూడా ఆటని ఆపడం మానేశాడు. పెడలు పక్కనున్న అలమరలో ఫోను నిలబెట్టేవాడు. అతని నీడ గనులు తవ్వుతూ ఉండేది, వదిన నీడ దాని వెంట ఉండేది. జట్టుకి ఆపదొస్తే తెలియాలని చప్పుడు పెంచి పెట్టేవాడు.

ఒక రోజు ఆవిరి మరీ దట్టంగా ఉంది. ఒక దుప్పటి మూల చిరిగి, కింద మడత పడిపోయింది. వదిన ముందుకి వంగి, మోచేతి దాకా బల్ల మీదికి చాపి ఆ మడత లాగుతోంది.

"చెయ్యి?" అన్నాడు మరిది.

ఆగరా అనబోయింది. ఆమె నోరు తెరిచే లోపే గోడ అవతల నుంచి ఆమె గొంతు పలికింది. "తీశా."

వదిన చెయ్యి లాక్కుంది. మూత పడింది. పని చొక్కా చేతి అంచు మూత కింద ఉండిపోయింది. ఆ అంచులో చెయ్యి లేదు, అంతే తేడా. వేళ్ల కొసలు మాత్రం బొబ్బలెక్కాయి.

మూత లేపి మరిది అటు పరిగెత్తాడు. ఆమె చేతిని చూశాడు, మాడిన చొక్కా అంచుని చూశాడు.

"తీశానన్నావు కదా వదినా."

"నేను అనలేదురా."

"నా చెవులతో విన్నాను."

అప్పుడు అలమరలోంచి, ఆలస్యంగా గుర్తొచ్చినట్టు, మిగతా సగం వినిపించింది. "నీ తొందర తగలెయ్య."

అక్కడికక్కడే ఇద్దరూ ఫోన్లలోంచి ఆటని తీసేశారు. తీసేసేటప్పుడు అందులో ఒక ముక్క కనిపించింది. మీరు వెళ్లినా మీ నీడ మీ మిత్రులతోనే ఉంటుంది, దిగులు పడకండి అని. అంటే తోడికోడలి ఫోనులో వదిన నీడ ఇంకా ఉన్నట్టే. నువ్వు కూడా తీసెయ్ అని వదిన మెల్లగానే చెప్పింది. తోడికోడలు తల వంచుకుని దుప్పట్లు మడతపెడుతూ, నువ్వు రోజంతా పనిలో పడి నాతో రెండు మాటలాడవు, అది ఆడుతుంది అంది.

"నేను బతికుండగా దానితో నీకేం పనే?"

తోడికోడలు ఇంకో దుప్పటి అందుకుంది. మర్నాడు మాత్రం, తీసేశానక్కా అంది. కళ్లలోకి చూడలేదు.

బదులిచ్చే మాట మార్చుదామని చూసింది వదిన. ఏ మాట పెట్టినా ఆ నీడ కూడా వింటుంది కదా అన్నాడు మరిది. చివరికి దొడ్డమ్మే తేల్చింది: నోటి మాట మీద ఇక నమ్మకం లేదు, చేతులే చూపించుకోండి అని. అప్పట్నుంచి దుప్పటి పరిచిన ప్రతిసారీ వదిన మిషను చుట్టూ తిరిగి వచ్చి, మరిది ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తేది. అతను ప్రతి వేలూ చూసి, ఆ తర్వాత తొక్కేవాడు. పని సగం కుంటుపడింది. యజమాని సణిగితే దొడ్డమ్మ కౌంటరు మీద తన కుడిచెయ్యి పెట్టేది. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం వదిన ఇంకా అవతలే ఉంది, దుప్పటి మీద చేతులున్నాయి. మరిది ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. దుప్పట్లు మడతపెట్టే బల్ల మీదున్న తోడికోడలి సంచీలోంచి గొంతు వచ్చింది.

"తీశా."

ఏళ్ల తరబడి ఆ మాటకే లేచిన కాలు అది. దానంతటదే పెడలు మీదికి వెళ్లింది. మరిది పంటి బిగువున దాన్ని గాల్లో ఆపాడు. ఒంటికాలి మీద నిలబడి, అలమర అంచు పట్టుకున్నాడు. వదిన చుట్టూ తిరిగి వచ్చింది. వచ్చి రెండు చేతులూ పైకెత్తింది. అతను చూస్తూనే ఉన్నాడు, కాలు దించలేదు. తోడికోడలు సంచీని రెండు చేతులా గుండెకి అదుముకుంది, పసిబిడ్డ ఏడుపు ఎవరూ వినకూడదన్నట్టు.

గుడ్డ చాటునుంచి అది మళ్లీ పలికింది. ఈసారి నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు. వదిన తన జన్మలో ఎన్నడూ అనని మాట.

"తీశాను కదా. తొక్కు మరిదీ."

ఇట్లు,
కౌంటరు దొడ్డమ్మ. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది షెడ్డు వెనక వీధిలో, కూతురి ఇంటి మేడమీది గదిలో. కిటికీ తెరిస్తే ఆవిరి గొట్టం కనపడుతుంది.